మిత్తి

సిరొంచ బ్యాంకులో మూడో కౌంటరు నాది.
కరెంటు పోయిన మధ్యాహ్నం
దుర్గం ఓదెక్క పాసుబుక్కును అద్దం కిందికి తోసింది.
"గీ ఇంగిలీసు మాట ఏంది సారూ?
మూణ్ణెల్లకోసారి వస్తది,
దీని పక్కపొంటే పైసలుంటయి."

అక్రూడ్.

మిత్తి పడ్డదని అర్థం, అన్నాను.
"గది నాకెరికే. మాట ఏందని అడుగుతున్న."

బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు,
సంతలో రెండూ, చిల్లరకు కొంచెం గోండీ.
ఇంగ్లీషొక్కటే ఎవరి పొయ్యి దగ్గరా కూచోలేదు.
సొరుగులో గురూజీ ఇచ్చిపోయిన నిఘంటువుంది.
వెనకనుంచి చెదలు తింటూ వచ్చి ఎమ్ దగ్గర ఆగాయి.
ఎ బతికే ఉంది.

చదివి చెప్పాను:
లాటిన్‌లో క్రెస్కెరె అంటే పెరగడం.
దాని ముందు అడ్, అంటే దిక్కు.
ఒకదాని దిక్కు ఇంకొకటి పెరుగుతూ రావడం.
ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి
ఇంగ్లీషు కోర్టు మెట్లెక్కి
మా లెడ్జర్లోకి దిగింది.
నెలవంకకు వాళ్ళు పెట్టుకున్న పేరు
దీనికి తోబుట్టువే.

"మరి ఆ పని ఎవరు చేస్తరు?"

అక్కడే చిక్కు.
కూడబెట్టడానికి చెయ్యి కావాలి.
తునికాకు తెంపి, డెబ్బై ఆకుల కట్ట కట్టి,
ఫడి మీద ఎండకు పరిచేదాకా
నీ చెయ్యి లేని పని లేదు.
ఆ చేతికి ఈ మాట అతకదు.
ఇది కర్తను అడగదు.
చలికి గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు, దానంతటదే.
హక్కూ ఇట్లాగే, వాడుకోని సెలవూ ఇట్లాగే,
నువ్వు పడుకున్నా పడుకోని సేటు బాకీ కూడా.

"మా చేను మీదికి నీళ్ళొచ్చినట్టు," అంది.

అవతలి ఒడ్డున బ్యారేజీ గేట్లు దించినాక
ఎవరూ పొయ్యలేదు, ఎవరూ మొయ్యలేదు.
ప్రాణహిత తనే వెనక్కి నడిచొచ్చి
మిరప మొక్కల మధ్య నిలబడింది.
పోలేదు.
ఆ మూడెకరాలకు ముట్టిన పైకమే ఈ పాసుబుక్కు.

"భూమి పెరుగదు కద సారూ?"
పెరగదు.
"పైసలు పెరుగుతయి."
కొద్దిగా.
ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.
"ఏదో దిక్కు పెరుగుతదంటివి.
అంటే మునిగినదాని దిక్కే పోతున్నయన్నట్టు."

నిఘంటువులో ఆ అర్థం లేదు.
ఉండాల్సిన చోటు మాత్రం ఉంది,
అడ్ పక్కన, ఖాళీగా.

కిందటేడు గోదావరి దిగువనుంచి
బదిలీ మీద వచ్చిన మేనేజరు
జనం వరసగా మిత్తి, మిత్తి అంటుంటే బెదిరిపోయాడు.
వాళ్ళ వైపు మిత్తి అంటే చావట.
మా వైపు వడ్డీ అని చెప్పి నవ్వాను అప్పుడు.

కరెంటొచ్చింది.
ప్రింటరు గొంతు సవరించుకుని
ఒక కొత్త వరస గీకింది:
అదే మాట, పక్కన రెండు వేల నూట పద్దెనిమిది.

పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంటూ ఓదెక్క
గడప దగ్గర ఆగి అడిగింది:
"తగ్గేదానికి ఏం మాట ఉన్నది సారూ?"

డి కోసం వెతుకుతున్నాను.
వెనక లైను పెరుగుతోంది.