అడుగు

ఏప్రిల్ వచ్చిందంటే
బాథర్స్ట్ ఆసుపత్రిలో మా ఎక్స్‌రే గదికి
చీలమండలు వస్తాయి.
ఇక్కడ ఏప్రిల్ అంటే చలి మొదలు,
ఓబెరాన్ పైన్ తోటల్లో తొలివానలు.
సాక్సుల్లో ఇరుక్కున్న సూదాకులతో వస్తారు,
"ఒక్క అడుగే కదా" అంటూ వస్తారు.

హలీనా మణికట్టుతో వచ్చింది.
డెబ్బై మూడేళ్లు.
కుడిచెయ్యి గరిటెలా వంగిపోయింది,
ఎడమచెయ్యి మాత్రం బుట్ట వదల్లేదు.
నేను బల్ల సర్దుతుంటే
"మెల్లిగా, నలిగిపోతాయి" అంది,
ఎముకల గురించి అనుకున్నాను.
బుట్టలో నారింజరంగు పుట్టగొడుగులు,
ఒక్కటీ చిట్లలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేం
అనేది మా అమ్మమ్మ.
ఆ సామెత కట్టినవాడెవడో
తుంటి ఎక్స్‌రే చూసి ఉండడు.

మరుసటేడు ఆమే నన్ను రమ్మంది.
కారు దిగగానే నా మొహం కాదు, కాళ్లు చూసింది.
నా పరుగుబూట్లకి పోలిష్‌లో ఏదో అంది,
భాష రాకపోయినా సిగ్గేసింది.
డిక్కీలోంచి కోడలి బూట్లు తీసింది.
చీలమండ దాటేదాకా లేసులు బిగించి
చిన్నపిల్లకి కట్టినట్టు
రెండు ముళ్లు వేసింది.

"ఇక్కడ నేల ఉండదు" అంది,
"ఉన్నట్టు కనిపిస్తుంది."
పైన మెత్తగా సూదాకుల పరుపు.
దాని కింద నరికి వదిలేసిన కొమ్మలు,
కొమ్మల కింద కుళ్లిన మొద్దుల గుంటలు,
ఎక్కడో ఓ వాంబాట్ తవ్వుకున్న ఇల్లు,
దాని గుమ్మం నా మోకాలంత లోతు.

ఆమె చేతిలో చీపురుకర్ర. చీపురు లేదు.
దాంతో ముందు నేలను అడిగేది,
జవాబు గట్టిగా వస్తేనే అడుగేసేది.
మా భాషలో రెంటికీ ఒకటే మాట అని చెప్పాను.
అడుగు.
మూడుసార్లు పలికి చూసింది,
ప్రతిసారీ డకారం దగ్గర తడబడింది.
ఆ రోజంతా ఆమె తడబడింది
అక్కడొక్కచోటే.

వెతికేటప్పుడు నడవకు,
నడిచేటప్పుడు వెతకకు.
ఆమె నేర్పింది ఇంతే.
వినడానికి తేలిక.
కానీ పది గజాల అవతల
సూదాకుల్ని ఎత్తుకుని ఓ నారింజ అంచు తొంగిచూస్తుంది,
కన్ను ఉరికి వెళ్లిపోతుంది,
కాలు దాని వెనకాలే గుడ్డిగా.
అందుకే నిలబడి చూడాలి.
చూసి, గుర్తుపెట్టుకుని, తల దించుకుని
మళ్లీ కాళ్లకోసం బతకాలి.

ఈసారి ఆమె వాలు దిగలేదు.
మట్టిరోడ్డు పక్కన మడతకుర్చీ,
ఫ్లాస్కు, మెడలో ఈల.
పది నిమిషాలకోసారి నేను ఊదాలి,
ఆమె బదులు ఊదాలి.

లోయలో, పడిపోయిన మానుకి అవతల,
తొమ్మిది ఒకేచోట, అరచేయంతవి.
బుట్ట నన్ను ఒకపక్కకి లాగుతోంది.
మంచు దిగుతోంది.
మాను మీద ఒక కాలు పెట్టాను.
ఉడికిన చిలగడదుంప తొక్కలా
బెరడు అంగుళం కదిలింది.

పైనుంచి ఈల వినిపించింది.
నా వంతు దాటి ఎంతసేపయిందో.

కాలు వెనక్కి తీసుకున్నాను.
ఊదడానికి వెంటనే ఊపిరి రాలేదు.

"ఎన్ని?" అంది, నా మొహం చూసి.
చెప్పాను.
కళ్లు మూసుకుంది కాసేపు,
తొమ్మిదినీ ఒక్కొక్కటిగా వెన్నలో వేయిస్తున్నట్టు.
తర్వాత ఫ్లాస్కు మూత విప్పి
టీ మొత్తం నాకే పోసింది.

సోమవారం పొద్దున్నే ఓ కుర్రాడు, ఎడమ చీలమండ.
పాదం మెల్లిగా తిప్పుతుంటే
నా గోళ్లలో నారింజ మరక చూశాడు.
నొప్పి మరిచి లేచి కూర్చున్నాడు.
"ఎక్కడ దొరికాయి?"

"ఏ బూట్లు వేసుకెళ్లావు?" అన్నాను.