గోపురం ఫైనల్

రెండొందల పన్నెండు ఫోటోలు.
తాడిపత్రిలో, పెన్న ఒడ్డున,
ఎండ ఇంకా రాయిని పట్టుకోకముందే
దస్తగిరి వాళ్ళక్క ఫోను, నా ఫోను, డ్రిల్లు మాస్టారి పాత ఫోను
మూడింటి చార్జింగూ చచ్చిపోయేదాకా
బుగ్గ రామలింగేశ్వరుడి గోపురం చుట్టూ తిరిగాం,
అడుగుకో ఫోటో.
చెప్పుల్లేని కాళ్ళకింద పల్లేరుకాయలు.
"ఏం టీచరమ్మా, మొక్కుబడా?" అన్నాడు వాచ్‌మన్.
వివరించడం కష్టమై అవునన్నాను.

రాత్రంతా లాప్‌టాప్ ఫ్యాను రొద.
తెల్లారేసరికి అంత రాతి కట్టడమూ
తొమ్మిదో తరగతి గోడమీది డిజిటల్ బోర్డులో
ఒంటివేలికి తిరుగుతోంది.
పుస్తకంలో ఒక మార్కు ప్రశ్న.
ఇక్కడ మాత్రం ఇదిగో హంసల బారు,
ఇదిగో మకరం నోట్లోంచి జారుతున్న తీగ,
ఆ తీగ మెలికలో ఇరుక్కున్న చిలక.
పిల్లలు బెంచీలు వదిలి ముందుకొచ్చేశారు.
నేను కొంచెం గర్వపడ్డాను, దాచను.

చౌడేశ్వరి చెయ్యెత్తింది.
"టీచర్, పైన మూతేసినారే. ఆడ ఏం లేదు కదా?"

నిజమే.
సగంలో ఆగిపోయిన గోపురం అది.
పైన ఉన్నదల్లా ఆకాశం, రెండు పావురాలు.
సాఫ్ట్‌వేరుకు ఆకాశం అర్థం కాలేదు.
ఖాళీని తప్పనుకుని
బూడిదరంగు పొర ఒకటి సాగదీసి కప్పేసింది,
చల్లారిన పాలమీద మీగడలా.
ఫోను చేరని చూరుకింద ఇంకా ఘోరం:
అక్కడి బొమ్మలు కారిన కొవ్వొత్తులు.

ఆ వారమే వరండాలో బండలు పరుస్తున్నాడు
చౌడేశ్వరి వాళ్ళ నాన్న ఓబులేసు.
గుమ్మం దగ్గర నిలబడి ఎంతసేపటినుంచి వింటున్నాడో,
"ఒగసారి దగ్గిర చూడొచ్చునా మేడం?"

వేలు పెట్టాడు. బోర్డు కదల్లేదు.
తువ్వాలుకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.
"రేషన్ మిషను కాడా ఇంతే లే.
ఇరవై ఏండ్లు పాలీషు పట్టినా కదా,
బండతోపాటు ఇదీ నున్నగయిపాయ."

కూతురి వేలే ఆయన వేలయింది.
"ఎడంపక్క. ఇంగా. కిందికి. ఆపు. పెద్దది చెయ్.
ఈడ చూడు, ఉలి సన్నగా, ఏటవాలుగా పోయింది.
ఆ పువ్వుకాడికి వచ్చేతలికి దెబ్బ లోతు.
చెయ్యి మారింది.
వాడు యాడికో పోయినాడు, ఇంగోడు కూసున్నాడు.
ఈ రెండోవాడు పుర్రచెయ్యోడు అయ్యుంటాడు."

నాకు రెండు డిగ్రీలు.
ఒక వంశం పేరు తెలుసు, ఒక శతాబ్దం తెలుసు.
ఆ పుర్రచెయ్యి తెలీదు.

"మరి ఎందుకు ఆపేసినారు మామా?" దస్తగిరి.
ఓబులేసు చాలాసేపు బోర్డువంకే చూశాడు.
"ఏమో నాయనా. కూలి ఆగిపోయింటాది."
తెరమీది దుమ్ము మరకను తువ్వాలుతో తుడిచి
వరండాలోకి పోయాడు.
రబ్బరు సుత్తితో బండను మట్టానికి దించే చప్పుడు
ఆగి ఆగి వినిపిస్తూనే ఉంది, పాఠం అయిపోయాక కూడా.

మధ్యాహ్నం ఆ మూత తీసేశాం.
చిన్న పనేం కాదు, మూడుసార్లు గోపురమే మాయమైంది.
ఇప్పుడు పైనుంచి తొంగిచూస్తే లోపలంతా డొల్ల.
అక్కడి రాళ్ళకు రంగు లేదు, మేం ఎక్కలేదుగా.
చూరుకింది కొవ్వొత్తుల్నీ చెరిపి చిల్లులుగానే వదిలి
ఒక్కోదాని పక్కన చౌడేశ్వరి రాసింది:
"ఇక్కడికి మా ఫోను అందలేదు."
పువ్వు దగ్గర ఇంకో చీటీ:
"ఇక్కడ చెయ్యి మారింది.
చెప్పినవారు: కె. ఓబులేసు, పాలీషు ఫ్యాక్టరీ."

ఫైలుకు 'గోపురం ఫైనల్' అని పేరు పెట్టాను మొన్న.
సేవ్ చేసేముందు ఆ పిల్ల
నన్నడక్కుండానే రెండో మాట చెరిపేసింది.