ముంజేతిలో మర

మంగళ, గురు, శనివారాలు నీవి కావు.
ఆ మూడు రోజులూ
కొండ మీది ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచంలో
నీ రక్తం బయటికి నడిచి
కడుక్కుని తిరిగొచ్చేది.
ఆరేళ్లు.
మిగతా నాలుగు రోజులూ మనవి, నెవెంకా.

నా అరచెయ్యి లాక్కుని
నీ ఎడమ ముంజేతి మీద ఆనించి
"విను" అనేదానివి.
చర్మం కింద ఎవరో గింజలు విసురుతున్నట్టు
ఆగని సన్నటి మోత.
"చూశావా, గోదాం మూతపడినా
నా మర ఆడుతూనే ఉంది."

ముప్పయ్యేళ్లు రేవులో ఆ కాఫీ గోదాములో
ఎదురెదురుగా కూర్చున్నాం.
గుండ్రటి బల్ల, పింగాణీ గిన్నెలు, ఊయడానికి ఇత్తడి పాత్ర.
చెంచాడు జుర్రి, ఊసి
"ఈ బస్తా ఓడలో తడిసింది" అనేదానివి.
నేను రాసుకునేదాన్ని.
కాఫీ దగ్గర నీ నాలుకకి అబద్ధం తెలీదు.
మనుషుల దగ్గర
నీ నోట్లో నువ్వుగింజ నానేది కాదు.
మేనేజరు పెళ్లి చెడిందని
మేనేజరు కంటే ముందు ట్రియెస్టె అంతా విన్నది.

జబ్బు ముందు నీ నీళ్లు లెక్కపెట్టింది,
రోజుకి రెండు గ్లాసులు.
తర్వాత నాలుక మీద రాగినాణెం పెట్టి పోయింది.
రొట్టె, ఉప్పు, చేపల పులుసు, అన్నీ ఒకటే లోహం.
"నువ్వు తాగి నాకు చెప్పు" అన్నావు.

దారియో కొట్లో నిలబడి తాగి
"బావుంది" అన్నాను మొదటిరోజు.
"బావుండటం రుచి కాదు, మర్యాద" అని కసిరావు.
మళ్లీ తాగాను.
తడి చెక్క, అన్నాను. వేయించిన బార్లీ.
మా అమ్మ కుట్టుమిషను సొరుగు.
కళ్లు మూసుకుని గుటకేశావు,
ఖాళీ గుటక.

బోరా గాలి దిగిన రోజు
సందు మలుపులో తాడు పట్టుకుని వేలాడుతున్నాం.
నీ టోపీ రేవు వైపు ఎగిరిపోయింది.
నేను పరిగెత్తబోతే
"గాలికి పోయే కంపని తగిలించుకోకు" అని నవ్వి,
ఆ నవ్వుకే ఊపిరందక
మెట్ల మీద కూలబడ్డావు.

మీ భాషలో నీ పేరు బంతిపువ్వుదట,
వాడనిది అని అర్థమట.
నువ్వే చెప్పి, ఉబ్బిన పాదాలు చూపించి
"పేరు పెట్టినవాళ్లని అడగాలి" అన్నావు.

చివరి శనివారం వెళ్లనన్నావు.
మీ అన్న కూతురు జోర్కా ఏడ్చింది.
డాక్టరు తల వంచుకున్నాడు.
నేనేమీ అనలేదు.
ఏమనాల్సిందో ఇప్పటికీ తెలీదు.

తొమ్మిదో రాత్రి
నీ ముంజెయ్యి నా చెంప కింద పెట్టుకుని
వింటూ వింటూ నిద్రపోయాను.
చప్పుడుకి కాదు,
చప్పుడు ఆగినందుకు మెలకువొచ్చింది.

ఇవాళ గురువారం.
దారియో మర తిప్పాడు.
కౌంటరు సన్నగా వణికింది, అరచెయ్యి తీయలేకపోయాను.
ఒక గుక్క తాగి, ఎవరూ అడక్కుండానే
పైకి అన్నాను, "మాడ్చావు."
కుర్రాడు నొచ్చుకున్నాడు, ఇంకోటి పోస్తానన్నాడు.
వద్దన్నాను.
మాడినదాన్నే, అడుగు దాకా,
నీకు చెప్పాల్సినంత నెమ్మదిగా
తాగాను.