వినియోగ పత్రం

మార్చి ఇరవై ఏడున డబ్బు వచ్చింది.
మూడు వేల రెండు వందలు.
పద్దు పేరు: పోషకాహార అవగాహన.
ముప్పై ఒకటి దాటితే వెనక్కి పోతుంది.

గుణుపురం దాటి, వంశధార ఇసుకలోంచి
మోటారు సైకిల్ని తోసుకుంటూ వచ్చి
కాగితం నా చేతిలో పెట్టాడు క్లస్టరు బాబు.
"ఏదో ఒకటి చేసి, ఫొటో తీసి పంపండి మేస్టారూ."

బళ్లో అరవై రెండు మంది.
ఇంట్లో సవర, వీధిలో తెలుగు, పుస్తకంలో ఒడియా.
పదకొండు దాటాక మాత్రం
మూడు భాషలూ వంటపాక వైపే తిరుగుతాయి.

హెడ్మాస్టరు త్రిలోచన్ పాణిగ్రాహి గారు
పర్లాకిమిడిలో ఫ్లెక్సీ కొట్టించారు. పద్నాలుగు వందలు.
నాలుగడుగుల ఆపిల్ పండు,
పక్కన ద్రాక్షగుత్తి, జున్నుముక్క,
ఏ సముద్రానిదో గులాబీ రంగు చేప,
కింద బొద్దుగా నవ్వుతున్న పిల్లాడు.
మా ఊరివాడు కాడు.

వంటమనిషి దాలమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుని
దాన్ని కిందనుంచి పైదాకా చూసింది.
నాలుగు నెలల జీతం రావాలి ఆమెకి.
బడి పప్పుకి కిరాణా కొట్లో అప్పు ఆమె పేరునే ఉంది.
"ఇదెంతయ్యింది మేస్టరూ?" అంది.
చెప్పాను.
"ఉడుకుతాదేటి?" అంది.

మిగిలినవి పద్దెనిమిది వందలు.
గుడ్లు కొందామన్నాను.
కుదరదన్నారు పాణిగ్రాహి గారు, కోపంగా కాదు,
ముప్పై ఏళ్ల అలవాటుగా:
తిండి పద్దులో పాఠం కొనరాదు,
పాఠం పద్దులో తిండి కొనరాదు.
ఆయన సంచిలో మధ్యాహ్నానికి రెండు రొట్టెలుంటాయి.
ఒకటి ఎప్పుడూ ఎలీషా రైతాకి పోతుంది.
అది ఏ పద్దో నేను అడగలేదు.

ఆ రాత్రి కొండమీంచి గాలివాన.
ఫ్లెక్సీ తాళ్లు తెంపుకుని రేగుకంపల్లో పడింది.
పొద్దున్నే దాలమ్మ దాన్ని కడిగి
కురుస్తున్న వంటపాక మీద కప్పేసింది,
బొమ్మ లోపలి వైపుకి.
ఇప్పుడు పిల్లలు తలెత్తితే
ఆకాశం నిండా ఆపిలే.

"అదేటో నాకు తెల్దు గానొరే,
ఇది తెలుసు" అని
గుప్పెడు చోళ్లు ఒక్కొక్క అరచేతిలో పోసింది.
నలపమంది. వాసన చూడమంది.
మూడో కాన్పప్పుడు తన పళ్లు కదిలిపోతే
అత్త ఏ అంబలి తాగించిందో,
ఏ ఆకు కాడతో సహా తినాలో,
వార్చిన గంజి పారబోస్తే అందులో ఏం పోతుందో చెప్పింది.
సవర పిల్లలకి రూతు మాట మార్చి చెప్పింది.
నలభై నిమిషాలు. ఒక్కరూ నీళ్లకి లేవలేదు.
దానికి రశీదు లేదు.

ముప్పై ఒకటి రాత్రి నేను బిల్లు రాశాను:
బోధనోపకరణాలు.
ఆకారం: కోడిగుడ్డు వంటిది.
రంగు: తెలుపు.
ఒక్కొక్కటి ఏడు రూపాయలు, రెండు వందల యాభై ఏడు.
తరగతి ముగిశాక తిరిగి వాడుకకు పనికిరావు.

పాణిగ్రాహి గారు కళ్లద్దాలు తీసి, తుడిచి,
మళ్లీ పెట్టుకుని,
చదవకుండా సంతకం చేశారు.

నాలుగు రోజులు పాఠం జరిగింది.
తలా నాలుగు ఉపకరణాలు.
మిగిలిన తొమ్మిదీ
అక్కల చంకల్లో బడికొచ్చిన పసివాళ్లకి.
వాళ్ల పేర్లు హాజరుపట్టీలో లేవు.
మిగులు: ఒక రూపాయి.

జూన్‌లో రాయగడ నుంచి ఉత్తరం.
ఉపకరణాల నిల్వ రిజిస్టరు చూపమని,
ఆ రూపాయికి డ్రాఫ్టు తీసి పంపమని.
డ్రాఫ్టు ఖర్చు ఏ పద్దులో రాయాలో చెప్పలేదు.
నేనింకా జవాబివ్వలేదు.

పైన ఎండకీ కింద పొగకీ ఫ్లెక్సీ వెలిసిపోయింది.
ద్రాక్ష పోయింది, చేప పోయింది,
ఆ బొద్దు పిల్లాడు ఎటో వెళ్లిపోయాడు.
ఆపిల్ ఒక్కటే ఎరుపంతా పోయి,
పాక వాలుకి సాగి, తెల్లగా, కోలగా మిగిలింది.
ఒకటో తరగతి గుంటలు దాన్ని గుడ్డంటున్నారు.

దాలమ్మ గరిటె డేగిసా అంచుకి కొట్టి
"అదీ లెక్కలో రాసీండి మేస్టరూ" అంది.