బయల్దేరిన చోటికి

నాలుగువేల ఎనిమిదివందలు.
మూడువేలు మా క్లబ్బువి.
మూతబడిన గోనెల గోదాంలో సాయంత్రాలు నడిపే క్లబ్బు,
దానికి బోర్డు కూడా లేదు.
పన్నెండు వందలు లెంక దమయంతి వాళ్ళమ్మ చీటీ పాడినవి.
మిగతా ఆరువందలు
నా ఏటీఎం కాపలా జీతంలోవి, ఇంట్లో చెప్పలేదు.

గంటస్తంభం ఎదురు సందులో ఆటసామాన్ల కొట్టు.
బెహరా మూడు పెట్టెలు విప్పాడు.
"ఇది చూడండి అసిరినాయుడుగారూ, తొమ్మిదింతలు!
ఇక్కడ కూకుంటే దాసన్నపేటలో దోమ అగుపిస్తాది."

దోమని కాల్చే పని మాకు లేదు.
ఇరవై మీటర్ల అవతల
రూపాయి బిళ్ళంత నల్లచుక్క, అంతే మా లోకం.

తొమ్మిదింతలకి మురిసిపోకు గుంటా, అన్నాను.
అది చుక్కనొక్కదాన్నే పెంచదు,
నీ ఊపిరిని పెంచుతుంది, గుండెని పెంచుతుంది,
పొద్దున్న తినకుండా వచ్చావని కూడా చెప్పేస్తుంది.
నాలుగింతలు చాలు. గట్టిదైతే చాలు.
మన స్ప్రింగు తుపాకీ వెనక్కి తన్ని ఊరుకునే రకం కాదు,
ముందుకీ ఓ తాపు తన్నుతుంది.
పోయినేడు కొన్న చవక గొట్టం గుర్తుందా,
మూడో వారానికే లోపలి గీత ఊడి
గ్లాసులో చీపురుపుల్లలా అడ్డంగా పడుకుంది.

చెప్పుల అట్టపెట్టె ఒకటి అడిగి
రెండు కొసలా కత్తెరతో గంట్లు పెట్టాను.
గొట్టాన్ని వాటిలో పడుకోబెట్టి
గడియారం పన్నెండు మీదికి గీతల కూడలిని తెచ్చాను.
ఇరవై టక్కులు పైకి.
ఇరవై కుడికి.
ఇరవై కిందికి, ఇరవై ఎడమకి.
బయల్దేరిన చోటికి తిరిగి రావాలి.
రానిది ఎంత దూరం చూపించినా మనకెందుకు?

మొదటిది రాలేదు,
పదకొండు దగ్గర ఎక్కడో చతికిలబడింది.
రెండోది వచ్చింది గానీ అంచులు మసక,
అంకెల చుట్టూ పాలు కలిపిన నీళ్ళు.
పక్కన పెట్టండి, అన్నాను.
మూడోదానిలోనూ
అవే పాలు, అవే నీళ్ళు.

బెహరా తల గోక్కున్నాడు.
దమయంతి వంగింది,
కన్ను ఆనించకుండా మూడంగుళాల ఎడంలో, నేను నేర్పినట్టే.
చాలాసేపు చూసింది.
"మసకేటీ నేదు మేస్టారూ.
ముల్లు మీద పావురం కూకుంది.
దాని కాలికి దారం సుట్టుకుంది, ఎర్రది."

మూడు లాంతర్ల వైపు ఆటో ఒకటి
హారన్ కొట్టుకుంటూ పోయింది.
నేను ఎడమకన్నుతో చూశాను. కుడికన్ను తుడుచుకుని చూశాను.
నాకు పావురం లేదు.
తెల్లగా ఏదో కదిలింది, అదీ ఓసారే.

పదిహేడేళ్ళు ఫౌజులో
ఆ కుడికన్నే నా బువ్వ.
మంచులో రాయేదో మనిషేదో అది చెబితే
పక్కవాళ్ళు నిద్రపోయేవారు.

ఎవరూ ఏమీ అనలేదు.
అట్టపెట్టెని ఆ పిల్ల తనవైపు తిప్పుకుంది.
రెండోదాన్ని మళ్ళీ పడుకోబెట్టింది, నాలుగింతలదాన్ని,
పెదాలతో లెక్కపెడుతూ
పైకి, కుడికి, కిందికి, ఎడమకి.
"వచ్చీసింది," అంది.
నాలుగువేల రెండొందల దగ్గర మొదలెట్టిన బెహరాని
మూడువేల తొమ్మిదొందలకి దించింది కూడా తనే.
మిగిలిన తొమ్మిదొందలూ నా జేబులో కుక్కి
"కళ్ళాసుపత్రికి ఆదివారం సెలవేటి?" అని అడిగింది.
సైకిలు తాళం కోసం వెతుకుతున్నట్టు నటించాను.

చీకటి పడేవేళ గోదాంలో
గోనె వాసన, ఒక్క బల్బు.
తను పడుకుంది, నేను పక్కన గొంతుక్కూర్చున్నాను.
టప్‌మంది కాగితం.
ఎక్కడ?
"ఎడమకి. మినపగింజంత."

చేయి చాపి గుండీ పట్టుకున్నాను.
చూడనక్కర్లేదు దాన్ని.
టక్కు.
టక్కు.
టక్కు.
ఊఁ, మళ్ళీ కాల్చు.