పాత బెజ్జం

మధురానగర్‌లో వాటా ఖాళీ అయిందంటే
ముందు నాకే తెలుస్తుంది.
టులెట్ బోర్డు వేలాడదీసే బైండింగ్ వైరు
నా సంచిలోదే కదా.

మూడు రోజులు గడువు.
"ఇంతకుముందు ఎవరూ లేనట్టుండాలి నాగుల్‌మీరా"
అంటుంది కనకవల్లి గారు,
గుమ్మం దాటకుండా, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

కుళాయి వాషరు ఏడు రూపాయలు.
ఆ ఏడు రూపాయలకి ఎవరూ కదలక
ఎన్నాళ్ళు కారిందో ఏమో,
చప్పుడు వినపడకుండా
బకెట్టులో పాత లుంగీ ముక్క వేసి పట్టుకున్నారు.
ముక్క ఇంకా అక్కడే ఉంది, తడిగా.
స్విచ్చుబోర్డులో ఫ్యాను మీట మీద
గోళ్ళరంగు చుక్క ఒకటి, గట్టిగా, ఉబ్బెత్తుగా.
చీకట్లో వేలికి తగలాలని పెట్టుకున్నట్టున్నారు.
గీకేశాను.

బాత్రూం తలుపు వానలకి ఉబ్బుతుంది,
రోహిణికి ముడుచుకుంటుంది.
ఏ కాలానికి సరిపడా చిత్రిక పట్టాలో
ఇరవై రెండేళ్ళుగా నాకు తేలలేదు.

కింద వాటా గోడకి బుడమేరు గీత,
నడుమెత్తున, డికాషన్ రంగులో.
ప్రైమరు కొట్టాను, పైన రెండు కోట్లు వేశాను,
ఏషియన్ వాడి ఖరీదైన డబ్బాయే తెచ్చాను.
ఆషాఢం రాగానే లోపల్నుంచి అది మళ్ళీ లేచింది.
"దీనికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నాను.
ఆవిడ బీరువా అటు జరిపించింది.

ఇక మేకులు.
క్యాలెండరు మేకు సన్నం, వంకర.
టీవీ మేకులు నాలుగూ బోల్టుల్లాంటివి, ఊడవు.
తూర్పుగోడ మేకు చుట్టూ సాంబ్రాణి మసి.
మంచానికి నాలుగు మూలలా దోమతెర మేకులు,
వాటిలో కిటికీ పక్కది రెండుసార్లు జారి
మూడోసారి కుదిరినట్టుంది:
చుట్టూ సుత్తి దెబ్బలు, కొన్ని గోడకి,
ఒకటి కచ్చితంగా బొటనవేలికి.
పట్కారు పట్టి లాగితే కీచుమని వచ్చేస్తాయి.
బెజ్జంలో పుట్టీ కూరి, వేలితో నొక్కి,
ఎమరీ కాగితంతో రుద్దితే
నాకు తప్ప ఎవరికీ కనపడదు.

ఒకసారి అడిగాను,
మా వించిపేట ఇల్లు కూలగొడుతున్నప్పుడు,
"ఈ వాటా మాకే ఇవ్వరాదా అమ్మా, అద్దె ముందే ఇస్తాను" అని.
ఆవిడ కాసేపు కుళాయి వంక చూసింది.
"మీరు మాంసం వండుతారు కదా నాగుల్‌మీరా."
తెల్ల టేపు ఇంకో రెండు చుట్లు చుట్టి
బిగించాను.
ఆ కుళాయి ఇప్పటిదాకా కారలేదు.

ఈసారి దిగింది ఒక నర్సు పిల్ల, ఇందుప్రియ.
రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర.
మొదటి వారమే ఫోను, గొంతు తగ్గించి:
"అన్నా, కిటికీకి మందపు దుప్పటి కట్టుకోవాలి.
వెలుగుకి కన్ను మూతపడట్లేదు.
ఆంటీ మేకు కొట్టనివ్వట్లేదు.
గోడ పాడవుతుందంట."

మధ్యాహ్నం కనకవల్లి గారు కునుకు తీసే వేళకి వెళ్ళాను.
సుత్తి తలకి గుడ్డ చుట్టాను.
అయినా కింద వాటా ఎంత దూరమని?
గుడివాడ వైపు బండి వస్తుందిగా, ఆగుదామన్నాను.
ఇద్దరం గోడ ముందు నిలబడ్డాం,
ఆ పిల్ల నిద్రకళ్ళతో దుప్పటి పట్టుకుని,
నేను నోట్లో రెండు మేకులతో.

ముందు కిటికీ చువ్వలు వణికాయి.
తర్వాత గ్లాసులు.
వేలితో తడిమాను,
కిటికీ పక్కన, జానెడు పైన,
పుట్టీ కాస్త నునుపెక్కువైన చోట.
బండి ఇంటి వెనక్కి వచ్చేసరికి
మూడే దెబ్బలు.
మేకు దారి తెలిసినట్టు లోపలికి దిగింది.
రెండోదానికి కొత్త బెజ్జం పడింది,
ఆ మాట దాచను.

గదిలో చీకటి పడింది, ఒంటిగంటన్నరకి.
"ఎంతన్నా?" అంది.
వద్దన్నాను. మళ్ళీ యాభై తీసుకున్నాను,
పెట్రోలుకి.

మర్నాడు మోటారు ఫుట్‌వాల్వు కోసం పిలిచింది కనకవల్లి గారు.
సంపులోకి వంగి ఉన్నాను.
"నిన్న మధ్యాహ్నం బండికి
మరీ చప్పుడెక్కువైంది కదూ" అంది.

"పట్టాలు మార్చాలమ్మా" అన్నాను,
తల పైకెత్తకుండా.