లెక్క తప్పే నాన్న

కుతాయిసిలో ఆ చలికాలం
కరెంటు అర్ధరాత్రి వచ్చేది, అరగంటో గంటో.
వచ్చిన సంగతి ఫ్రిజ్ గురక పెట్టి చెప్పేది.
అమ్మ గబగబా లేచి ఇస్త్రీపెట్టె వెతుక్కునేది.
అన్న గేలా, నేను
నాన్న రొట్టెల కొట్లోనే పడుకునేవాళ్లం,
తోనెను ఆనుకుని.
తోనె అంటే నేలలోకి దిగేసిన మట్టిగాబు, అడుగున నిప్పులు.
మా వీధి మొత్తానికీ వెచ్చగా ఉన్నది అదొక్కటే.

తెల్లవారి నాలుగింటికి
నాన్న నడుం దాకా గాబులోకి వంగి
పిండిని లోపలి గోడకు చరిచేవాడు.
పైకి లేచేసరికి కనుబొమలు కమిలిన వాసన.
"లామారా, ఎన్నయ్యాయే?"
తిరగేసిన బకెట్టు మీద నిద్రకళ్లతో నేను:
"పద్దెనిమిది."
"పదిహేడే కదే!"
"కాదు, పద్దెనిమిది. ఇదిగో, ఆ మూలది మర్చిపోయావు."
నాన్న చెవి గోక్కునేవాడు.
"నిజమే సుమా. నువ్వు లేకపోతే కొట్టు మునిగేది."

రోజూ ఇదే తంతు.
చిల్లర దగ్గరా అంతే, కట్టెల దగ్గరా అంతే.
ఇంత పెద్దమనిషికి కూడికలు రావని
బళ్లో నూనూ టీచరుతో కూడా చెప్పాను.
ఆవిడ నా వాటా కట్టెను పొయ్యిలో పెడుతూ
నవ్వాపుకోవడానికి దగ్గింది.

అక్షరాలు మాత్రం నాకు లొంగలేదు.
మా అక్షరాలన్నీ మెలికలు, కొక్కేలు;
పట్టుకోబోతే అటు తిరిగి కూర్చునేవి.
అమ్మ పిండి తాళ్లు చేసి ఇచ్చింది.
"చదివిందే తినాలి" అంది.
గేలా చకచకా చదివేసి
సగం వర్ణమాల మింగేశాడు.
నేను చేసినవి ఎడమవి కుడికి, కుడివి ఎడమకి.
అమ్మ దిద్దలేదు. అలాగే కాల్చి,
చేతిలో పెట్టి,
నాన్న గడ్డం గీసుకునే అద్దం ముందు నిలబెట్టింది.
అద్దంలో అది సరిగ్గా ఉంది.
నేను ఇవతలిదాన్నీ అవతలిదాన్నీ
మార్చి మార్చి చూశాను.
తినబుద్ధి కాలేదు, జేబులో దాచుకున్నాను.
ఎలుక తినేసింది. అది వేరే గొడవ.

మార్చిలో ఒకరోజు
"ఎన్నయ్యాయే?" అన్నాడు.
"ముప్పై ఎనిమిది."
"నలభై రెండు" అన్నాడు నాన్న.
నేను పకపకా నవ్వాను.
నాన్న చెవి గోక్కోలేదు.
చేతిలో ఇనుప కొక్కెంతో అలాగే నిలబడి,
తర్వాత బయటికెళ్లి మంచులో నిలబడ్డాడు,
ఒంటి మీద చొక్కా కూడా లేకుండా.
నాలుగు రొట్టెలు మాడిపోయాయి.

దండెం మీద ఆరేసిన ఏప్రను జేబులోంచి
కాగితం మూల కనిపించింది.
అప్పటికి నేను చదవగలుగుతున్నాను,
కూడబలుక్కుంటూ, పెదాలతో.
సుఖూమి. అర్థమైంది.
రెజో. అది బాబాయి పేరు.
మూడో మాట దగ్గర ఆగిపోయాను.
అది తెలియని మాట కాదు.

వెనక అమ్మ.
లాక్కుంటుందనుకున్నాను.
పిండి చేతులు పావడాకు తుడుచుకుని
పక్కన కూర్చుని,
"ఆగకు. ఇద్దరం కలిసి చదువుదాం" అంది.
ఒక్క మాటా దాటెయ్యలేదు.
నా గొంతు ఆగిన చోట తన వేలు ఆగింది.
అయిపోయాక అమ్మ నా జుట్టు విప్పి, మళ్లీ అల్లింది.

మర్నాడు కూడా నాలుగింటికే నిప్పు వేశారు.
ఊరికి రొట్టె కావాలి కదా.
నాన్న గాబులోకి వంగి లేచాడు.
అడగలేదు.
చాలాసేపు అడగలేదు.

నేనే బకెట్టు దగ్గరికి లాక్కుని కూర్చుని
మనసులో రెండుసార్లు ఎంచుకున్నాను.
పద్దెనిమిది.
"పదిహేడు, నాన్నా" అన్నాను.

నాన్న నావైపు చూశాడు.
గాబులోకి చూశాడు.
కాలిన వేలు ఒక్కో రొట్టె వైపూ చాపుతూ,
నేను చూపించినట్టే,
నెమ్మదిగా పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.